డ్రమ్ముకు ఉండాల్సిన తీగ

నాకు అన్నిటికంటే ఎక్కువ భయం నిప్పురవ్వంటే. పొయ్యిలోది కాదు, వేలి చివర పుట్టేది.

మా ఆయన ప్లాస్టిక్ కవర్ల మీద రంగులు అచ్చేసే కార్ఖానాలో పనిచేస్తారు. రంగును పలచన చేసే థిన్నరును పెద్ద డ్రమ్ములోంచి బకెట్లలోకి వంపి రంగుల్లో కలపాలి. ఆ ఆవిరికి చిటికెడు నిప్పు చాలు.

ఆ రోజు ముసురు వదిలి గాలి పొడిబారింది. పాప ఉన్ని టోపీ తీస్తే చిటపటమంది. దాని నాలుగు వెంట్రుకలూ ఒకదాన్నొకటి తోసుకుంటూ నిక్కబొడుచుకున్నాయి. ముద్దు పెట్టబోతే నా పెదవి చురుక్కుమంది. ఇద్దరం ఉలిక్కిపడ్డాం. టోపీ మళ్లీ పెట్టేశాను. ఒకే రకం చార్జీలు, అంటే విద్యుదావేశాలు, తోసుకుంటాయి, వేరు రకాలు లాక్కుంటాయి. ఎనిమిదో తరగతిలో నేను బడి మానేసేనాటికి సైన్సులో అంతవరకే చెప్పారు.

అప్పుడే పక్కింటి పిన్ని వచ్చింది. ఆవిడ అదే కార్ఖానాలో పదేళ్లు పనిచేసి మానేసింది. వరండాలో పాప గుడ్డలు ఆరేసిన రాగి తీగను చూసి ఆగిపోయింది.

"ఇదెక్కడిదే?"

"తాడు తెగిందని మూడు రోజుల కిందట ఆయన తెచ్చారు. కార్ఖానాలో ఊరికే వేలాడుతోందట. చివర క్లిప్పు కూడా ఉంది, ఎంత గట్టిగా పట్టుకుంటుందో చూడు పిన్నీ."

"అది పట్టుకోవాల్సింది నీ కూతురి గుడ్డల్ని కాదే పిచ్చిమొహమా, డ్రమ్ముని! థిన్నరు వంపేటప్పుడు చార్జీ చేరుతుంది. అది ఈ తీగ మీదుగా భూమిలోకి దిగిపోవాలి. లేదంటే బకెట్టు దగ్గరే రవ్వ చిటుక్కుమంటుంది!"

ఫోన్ చేద్దామంటే, ఫోన్లన్నీ గేటు దగ్గరే పెట్టించుకుంటారు. గుడ్డలు కింద పారేసి, తీగ మెడలో వేసుకుని, పాపను చంకనెత్తుకుని పరుగెత్తాను.

"ఎవర్ని కట్టేయడానికమ్మా ఆ తీగ?" అన్నాడు గేటు కాపలాదారు.

"మా ఆయన్నే! వంపడం ఆపమను బాబాయ్, ముందు వంపడం ఆపమను!"

నా మొహం చూసి అతను లోపలికి పరుగెత్తాడు. నేను షెడ్డు కప్పు మీంచి కళ్లు తిప్పలేదు. పాప నా చెవిపోగు లాగుతున్నా తెలియలేదు.

ఆయన నవ్వుకుంటూ బయటికొచ్చారు. "మూడు రోజులుగా వంపుతూనే ఉన్నా. ఏమన్నా అయిందా?"

"మూడు రోజులూ ముసురండీ, తడిగాలికి చార్జీ నిలవలేదు! ఇవాళ గాలి చూశారా?"

ఆయన పాప టోపీ తీయబోయారు. చొక్కా నిండా థిన్నరు వాసన. నేను కేకవేసి రెండడుగులు వెనక్కి దూకాను. అప్పుడాగింది ఆయన నవ్వు.

తీగ మళ్లీ డ్రమ్ముకు చేరింది. కానీ కాళ్లకడ్డం పడుతోందని నిన్న కూడా విసుక్కున్నారు. ఇవాళ గాలి మళ్లీ పొడిగా ఉంది. పాపకు జ్వరం, నేను కదల్లేను. మీరెవరైనా అటు వెళ్తే రంగుల గది తలుపు బయటే నిలబడి, క్లిప్పు డ్రమ్ముకే ఉందో లేదో ఒక్కసారి చూడండి. నేను పంపానని మాత్రం ఆయనతో చెప్పకండి.