తీసేసినా తిరిగొచ్చే వైరస్

"మళ్లీ వస్తుందే అది. పొద్దున్నుంచీ నా కుడికన్ను అదురుతోంది," అన్నాను.

"నీకు కన్ను అదరని రోజుందా అమ్మా," అంది మా అమ్మాయి, ఎంబ్రాయిడరీ మిషన్ మీంచి తలెత్తకుండా. ఆ పనితోనే దాని బతుకు. డిజైన్లన్నీ కంప్యూటర్లోనే ఉన్నాయి. రిపేరతను వైరస్ తీసి వెళ్లి ఎన్నాళ్లో కాలేదు.

మధ్యాహ్నం తెర మీద ఏవో ప్రకటనలు వాటంతటవే పుట్టుకొచ్చాయి. యాంటీవైరస్ గుర్తు మూల నుంచి మాయమైంది. కెమెరా పక్కన చిన్న దీపం వెలిగింది. కెమెరా మీద తువ్వాలు కప్పి, ప్లగ్గు పీకేశాను. ఎందుకైనా మంచిదని ఫ్రిజ్‌దీ పీకాను.

"ఫ్రిజ్‌కి అంటుకోదు పిన్నిగారూ," అని నవ్వాడు, ఫోన్ చేయగానే వచ్చిన రిపేరతను. నెట్ తీసేసి, తాను తెచ్చిన పెన్‌డ్రైవ్‌తో కంప్యూటర్ తెరిచి వెతకసాగాడు. కాసేపటికి ఆ నవ్వు పోయింది.

"యాంటీవైరస్ దానంతటది ఆగలేదండీ. ఎవరో ఆపారు. నేను తీసేసిందే మళ్లీ పెట్టారు. ఎక్కణ్నుంచి వస్తోందో తెలియకపోతే మొత్తం చెరిపినా దండగే. ఈసారి ఫైళ్లకి తాళం వేసే రకం దిగిందంటే డిజైన్ ఒక్కటీ దక్కదు."

ఎవరో అంటే? ఇంట్లో ఉండేది మేమిద్దరమే. నేను కంప్యూటర్ మీద దుమ్ము తుడవడమే తప్ప ముట్టుకోను. మేం లేనప్పుడు ఎవడైనా దూరాడేమోనని వెళ్లి పెరటి తలుపు గడియ లాగి చూశాను. గట్టిగానే ఉంది. తిరిగొచ్చేసరికి మిషన్ ఆగిపోయి ఉంది. అమ్మాయి దారం కొసను వేలికి చుడుతోంది, విప్పుతోంది.

"నీకేమైనా తెలుసుటే?"

తల వంచుకుని దారాన్ని ఇంకా బిగించింది.

"చెరిపేయమంటారా?" అన్నాడతను.

"ఆగు నాయనా." అమ్మాయి వైపు తిరిగాను. "తిట్టను తల్లీ. నీ కష్టమంతా అందులోనే ఉంది. చెప్పు."

అతను మౌస్ మీంచి చెయ్యి తీసేశాడు. అమ్మాయి వేలు కొస ఎర్రగా కందింది.

"డిజైన్లు గీసే సాఫ్ట్‌వేర్ నేను కొనలేదమ్మా," అంది చివరికి. "నెట్‌లో ఫ్రీగా దొరికింది దించాను. యాంటీవైరస్ ఆపితేనే ఎక్కుతుందని అందులో రాసుంది. ఈయన శుభ్రం చేసినప్పుడల్లా వైరస్‌తో పాటు అదీ పోయేది, మళ్లీ ఎక్కించేదాన్ని. నా పెన్‌డ్రైవ్‌లో దాచుకున్నా. ముందు దాన్ని తుడవమను."