నాలుగు వేళ్ల ఇటుక

ప్రార్థన ముగియకముందే మేనేజరు వరుసల మధ్యకు వచ్చి, ఇటుక బట్టీల ఆడపిల్లలను పదకొండుమందిని బయటికి లాగాడు. వాళ్లలో బడి ఆయా మనవరాలు ఉంది. ఆయా గంట తాడు పట్టుకుని చూస్తూ నిలబడింది.

"ఈ బడి కట్టింది మా తాతగారు. జాలిపడి మీకు సీట్లిచ్చాం. ఇక చాలు," అన్నాడు మేనేజరు.

కాసేపటికి గేటు బయట బట్టీ ఆడవాళ్లు మూగారు.

"జాలేంటయ్యా? మా పిల్లలకి చదువు చెబుతామంటేనే గదా, మా అమ్మలు కూలి అడక్కుండా ఇటుకలు కోసింది!"

"కాగితముందా?"

"కాగితం రాయడమే వస్తే మీ బడితో మాకేం పని?"

ఆయా గేటు లోపలే నిలబడి వింటోంది. మనవరాలి చదువు పోతోంది. మాట్లాడితే తన పనీ పోతుంది. ఆ కాగితం గంట గది గోడలో ఉందని ఆమెకు తెలుసు. రాత రాని ఆడవాళ్లు ఈ బడి కోసం వందో ఇటుక కోయగానే ఆ పచ్చి ఇటుక మీద ఐదు వేళ్లూ నొక్కి గుర్తు పెట్టేవాళ్లు. మొన్న పెచ్చులూడి ఆ గుంటలు బయటపడ్డాయి. ఒక ఇటుకకు నాలుగే. ఆయా తల్లి చిటికెన వేలు మట్టి గానుగలో పోయింది.

పెచ్చులూడాయని, పనిమంతురాలిలా, మేనేజరుకు తనే చెప్పింది. గోడకు మళ్లీ పూత పూయడానికి ఇవాళే మేస్త్రీ వచ్చాడు.

ఆయా గంట గదిలోకి పరుగెత్తింది. మేస్త్రీ తాపీ ఎత్తాడు.

"ఆగన్నా! అది మా అమ్మ చెయ్యి!"

"నేను పూయకపోతే ఇంకొకడు పూస్తాడక్కా," అన్నాడతను. కానీ తాపీ దించాడు.

ఆయా గంట తాడు లాగింది. వేళగాని వేళ గంట. తరగతులన్నీ వరండాలోకి వచ్చిపడ్డాయి. బొడ్డున దోపుకున్న తాళంచెవి తీసి ఆమె గేటు తెరిచింది. ఆడవాళ్లు గోడ దగ్గరికి తోసుకొచ్చి, ఆ గుంటల్లో వేళ్లు పెట్టి చూసుకున్నారు.

"ఇదుగో సారూ, కాగితం! చదువుకో!"

మేనేజరు ఫోను చేస్తే పోలీసులు రానే వచ్చారు. ఆయాను రెక్క పట్టుకుని వ్యాను ఎక్కించారు. ఎవరూ వెంట రాలేదేమని, భయంభయంగా కిటికీలోంచి వెనక్కి చూసింది.

బడి గోడ పొడుగునా ఆడపిల్లలు. బట్టీ పిల్లలు, బంగళాల పిల్లలు, అందరూ. చేతుల్లో స్కేళ్లు, వృత్తలేఖినులు. సున్నం పొడి పొగలా లేస్తోంది. వ్యాను మలుపు తిరిగేదాకా పూత గోకుతున్న చప్పుడు వినిపిస్తూనే ఉంది.