ఊడిరాని ముఖం

హోటల్ నుంచి ఇంటికి రాగానే ఆమె ముందు చెప్పులు విడిచేది, తర్వాత ముఖం తీసేది. చెవుల వెనక వేళ్ళు పెట్టి మెల్లగా లాగితే, రిసెప్షన్ కౌంటర్లో పొద్దుటినుంచీ నవ్విన ముఖం మెత్తగా చేతిలోకి వచ్చేసేది. దాన్ని తలుపు వెనక కొక్కేనికి తగిలించి, హమ్మయ్య అనుకుంటూ వంటింట్లోకి వెళ్ళేది. పక్క కొక్కేనికి భర్త ముఖం వేలాడుతుండేది. ఆయన బట్టల షాపులో సేల్స్‌మన్. కొనేవాళ్ళకీ కొననివాళ్ళకీ ఒకేలా తలూపే ముఖం అది. అత్తగారు టీచరుగా రిటైరై చాలా కాలమైంది. అయినా తన ముఖాన్ని బీరువాలో ఇస్త్రీ బట్టల మధ్య దాచుకుంది. చుట్టాలొస్తే తీసి పెట్టుకుని, వాళ్ళ పిల్లల్ని ఎక్కాలు అడిగేది.

ఒక సాయంత్రం కోడలి ముఖం ఊడి రాలేదు.

ఆవేళ గది ఇవ్వడం ఆలస్యమైందని ఒక గెస్టు అందరి ముందూ ఆమెను నోటికొచ్చినట్టు తిట్టాడు. పక్కనే ఉన్న మేనేజరు, "నవ్వమ్మా, నవ్వు" అని గొణిగాడు. గొంతు దాకా వచ్చినదాన్ని మింగేసి, ఆమె ఇంకాస్త నవ్వింది. అప్పుడే అంటుకుపోయి ఉంటుంది.

"వేన్నీళ్ళతో కడుక్కో అమ్మాయ్" అంది అత్తగారు. "అలసిపోతే ఒక్కోసారి పట్టేస్తుంది. పరీక్షల రోజుల్లో నాకూ అంతే."

వేన్నీళ్ళయ్యాయి. నూనె అయింది. పక్కింటావిడ వెన్న రాయమంది, అదీ అయింది. ముఖం మాత్రం తళతళలాడుతూ నవ్వుతూనే ఉంది.

భర్త అన్నం ముందు కూర్చుని, "కూర ఉప్పు కషాయం" అన్నాడు. 'రేపు మీరే వండుకోండి' అనబోయింది ఆమె. నోట్లోంచి వచ్చింది వేరు: "క్షమించండి సర్. ఇప్పుడే మారుస్తాను."

ఆయన ముద్ద చేత్తో పట్టుకుని ఒక్క క్షణం ఆగాడు. తర్వాత ముసిముసిగా నవ్వుకున్నాడు.

వారం తిరిగేసరికి, ముఖం తీయించే మాట ఇంట్లో అందరూ ఎత్తడం మానేశారు. "ఉండనీ, నీకు బాగానే నప్పింది. ఇల్లు ఇంత ప్రశాంతంగా ఎప్పుడుంది చెప్పు?" అన్నాడు భర్త. "తప్పకుండా సర్" అంది ముఖం. దాని వెనక ఆమెకు ఉక్కపోసేది. విడిచిన ఊపిరి తిరిగి తనకే తగిలేది. ఏడిస్తే ఆ తడి బయటికి పోయే దారిలేక గడ్డం కిందే నిలిచిపోయేది.

ఆమె కూతురు, పాప మాత్రం దగ్గరికి రావడం మానేసింది. ఒకసారి ఎత్తుకోబోతే చేతులు విదిలించుకుని, "నువ్వు హోటల్ అమ్మవి. మా అమ్మ ఏది?" అంది.

ఒక సెలవు మధ్యాహ్నం ఆమెకు కునుకు పట్టింది. కలలో, కౌంటర్ వెనక తాళాలు తగిలించే పలక పక్కన ఎప్పుడూ చూడని చిన్న తలుపు కనిపించింది. లోపల ఒక భారీ మనిషి గోడవైపు తిరిగి కూర్చుని ఉంది. జుట్టు విరబోసుకుని, గోళ్ళతో నేల గీకుతోంది.

"ఎవరు నువ్వు?"

"నువ్వు మింగినవన్నీ తిని పెరిగినదాన్ని" అందా మనిషి, తల తిప్పకుండానే.

ఆమె ఉలిక్కిపడి లేచింది. అద్దంలో చూసుకుంటే, గుండె దడదడలాడుతున్నా ముఖం హాయిగా నవ్వుతోంది.

ఆ నెలాఖరులోనే భర్త, పాపను దూరంగా ఉన్న హాస్టల్ స్కూల్లో వేస్తానన్నాడు. "నీకు చూస్తే షిఫ్టులు, అమ్మకు ఓపిక లేదు. అక్కడైతే దానికి క్రమశిక్షణ వస్తుంది. ఏమంటావ్?"

ఆమె లోపల గోడలకేసి తల బాదుకుంది. "చాలా మంచి ఆలోచన సర్" అంది ముఖం.

బయలుదేరే రోజు పొద్దున్నే టాక్సీ వచ్చి గుమ్మం ముందు ఆగింది. పెట్టె సర్దేశారు. పాప కొత్త బట్టల్లో బొమ్మలా కుర్చీలో కూర్చుంది.

"భయంగా ఉందా తల్లీ?" అంది నానమ్మ.

"లేదు నానమ్మా. నాకు చాలా సంతోషంగా ఉంది" అంది పాప. ఒక్క అక్షరం తడబడలేదు.

"చూశారా, అప్పుడే ఎంత బుద్ధొచ్చిందో!" అని మురిసిపోయాడు తండ్రి.

బూట్ల లేసులు కట్టడానికి మోకాళ్ళ మీద కూర్చున్న తల్లికి పాప చెవి కింద సన్నటి గీత కనిపించింది. అంచు. ఎవరూ ఇవ్వకుండానే, ఎవరూ చూడకుండానే పిల్లకు ముఖం మొలిచింది.

ఆమె గోరు కొనతో ఆ అంచు లేపి లాగింది. పాల మీద మీగడలా చేతికి వచ్చేసింది. దాని కింద పాప ఏడుస్తోంది. ఎప్పటినుంచి ఏడుస్తోందో, కళ్ళు వాచిపోయి ఉన్నాయి.

"నన్ను పంపకమ్మా..."

"తప్పకుండా..." అని మొదలుపెట్టింది తల్లి ముఖం. ఆమె ఆ మాట పూర్తి కానివ్వలేదు. రెండు చేతుల వేళ్ళూ పెదవుల మూలల్లో దూర్చి, ఉన్న బలమంతా పెట్టి లాగింది. చిరిగిన చప్పుడైంది. ముక్కు కింద నుంచి గడ్డం దాకా ఊడి నేలమీద పడింది.

"వద్దు!"

ఆ గొంతు బొంగురుగా, మొరటుగా ఉంది. భర్త ఒకడుగు వెనక్కి వేశాడు. ఆ ఇంట్లో ఎవరూ ఎప్పుడూ వినని గొంతు అది.

"నా బిడ్డ ఎక్కడికీ వెళ్ళదు. అడ్డొస్తే మీరెవరో కూడా చూడను."

కోడల్నే చూస్తున్న అత్తగారి చేయి చెవి వెనక్కి ఎప్పుడు వెళ్ళిందో ఆవిడకే తెలీదు. ఆవిడ ముఖం బీరువాలోనే ఉంది, అక్కడ తీయడానికేం లేదు. చేయి దించి కొడుకుతో, "టాక్సీని పంపించెయ్యరా" అంది.

పాప ఉండిపోయింది. ముఖం పైసగం మాత్రం ఎంత లాగినా ఊడలేదు. సగం నవ్వుతో కౌంటర్లో కూర్చోబెట్టడం కుదరదని, హోటల్‌వాళ్ళు ఆమెను దుప్పట్లు ఉతికే విభాగంలోకి మార్చారు. భర్త ఇప్పుడు ఆమెతో ఏదైనా అనేముందు ఒకసారి ఆలోచిస్తాడు, కొన్నిసార్లు అనకుండానే లేచి వెళ్ళిపోతాడు. ఆమె కోపంలో ఉన్నా ఏడుపులో ఉన్నా, కళ్ళు మాత్రం వచ్చిన గెస్టును ఆహ్వానిస్తున్నట్టే మెరుస్తుంటాయి. వాటిని చూసి నమ్మేవాళ్ళు నమ్ముతూనే ఉన్నారు.

పాప నమ్మదు. సాయంత్రం ఒళ్ళోకి ఎక్కి, తన చిన్న అరచేతిని ఆ నవ్వే కళ్ళ మీద అడ్డం పెట్టి, పెదవుల్నే చూస్తూ అడుగుతుంది:

"ఇప్పుడు చెప్పమ్మా, ఇవాళ ఎలా ఉంది?"

అప్పుడు ఆమె చెబుతుంది.