తవుడికి అమ్మిన బిడ్డ

నీళ్లలో ఊపిరి తీసుకోగల మనిషిని పుట్టిస్తామని పరవాడ దగ్గర కొండవాలున ఒక లాబొరేటరీ వెలిసింది. సముద్రం అడుగున కట్టబోయే నగరానికి తొలి మనిషి అక్కడే పుడతాడని, ఒకసారి దిగాక మరి ఒడ్డుకు రాడని కంప్యూటర్ జోస్యం చెప్పింది. చిలక చెబితే మూఢనమ్మకం, కంప్యూటర్ చెబితే సైన్సు! అలా పుట్టినవాడే ఉదయ్‌కుమార్.

వాడికంటే ముందు పుట్టిన పసికందులెవరూ దక్కలేదు. వీడూ నీలం తిరిగిపోతుంటే, కూర్మన్నపాలెం నుంచి పనికొచ్చే ఆయా చిలకమ్మ చేటలో తవుడు పట్టుకొచ్చింది. బిడ్డలు దక్కని ఇంట్లో పుట్టినవాణ్ణి తవుడికి పరాయివాళ్లకు అమ్మేస్తారు. తమవాడు కాదనుకుంటే మృత్యువు వదిలేస్తుందని ఆశ. లాబొరేటరీ పెద్ద గురునాథరావు చదివిన చదువంతా పక్కనపెట్టి దోసిలి పట్టాడు. ‘వీడు నా బిడ్డ కాడు, నీ బిడ్డ’ అన్నాడు. అలా అంటేనే అమ్మకం చెల్లుతుంది మరి. బిడ్డ కేరుమన్నాడు. డాక్టర్ల మందు పనిచేసిందో, తవుడు పనిచేసిందో ఎవరూ తేల్చలేదు. ఆ తవుడు మాత్రం వాచ్‌మన్ గేదె తినేసింది.

ఆనాటి నుంచి చిలకమ్మకు వాడు తవిటయ్యే. లాబొరేటరీ వాణ్ణి పెంచింది, ఆవిడ వాడికి నెత్తళ్ల చేపల పులుసు, తిట్లు, కబుర్లు పెట్టింది.

ఇప్పుడు వాడు ఎదిగి కుర్రాడయ్యాడు, సముద్రంలోకి దిగాల్సిన రోజు వచ్చింది. జెట్టీ మీద షామియానా వేశారు. ఒక్క సూది పడితే మెడ దగ్గర మొప్పలు పూర్తిగా తెరుచుకుంటాయి, ఊపిరితిత్తులు శాశ్వతంగా మూసుకుంటాయి. ఉదయ్‌కు సముద్రమంటే ప్రాణమే. కానీ మునిగి తేలడంలో సగం సంతోషం తేలడంలోనే ఉందని వాడికి తెలుసు. తేలి చూస్తే ఎదురుగా చిలకమ్మ ఉండాలి.

డాక్టర్ అనూరాధ సూది పట్టుకోగానే వాడు చెయ్యి వెనక్కి తీసుకుని గురునాథరావు వైపు తిరిగాడు.

“నాను ఎల్లను సార్. పంపితే మా అమ్మ పంపాల. మీరు నన్నెప్పుడో అమ్మీసారు.”

ఢిల్లీ నుంచి వచ్చిన అధికారి మండిపడ్డాడు. కాగితాల ప్రకారం తండ్రి స్థానంలో ఉన్నది గురునాథరావే కాబట్టి, ‘వీడు నా బిడ్డ’ అని ఒక్క మాట గట్టిగా చెప్పి దింపమన్నాడు.

గురునాథరావు నోరు తెరిచాడు. ఇన్నేళ్లలో ఎన్నో సభల్లో మా ప్రాజెక్టు, మా విజయం అన్నాడు గానీ ఆ మాట ఒక్కసారీ అనలేదు. అంటే ఏమవుతుందోనని ఆయనకు భయం. పైకి చెప్పుకోలేని భయం.

వెనకాల టీ కప్పులు సర్దుతున్న చిలకమ్మ ముందుకొచ్చింది. “బాబూ, తవుడు పుచ్చుకున్నారా, నేదా?”

ఆయన కుర్రాడి గుండె ఎగసిపడటం చూశాడు. “పుచ్చుకున్నానమ్మా,” అన్నాడు. “వీడు నా బిడ్డ కాడు.”

ఉదయ్‌కు ఆనందం ఆగలేదు. చొక్కా విప్పి జెట్టీ మీంచి దూకేశాడు. జోస్యం ఫలించిందనుకుని అధికారి చప్పట్లు కొట్టాడు. కాసేపటికి వాడు తాడు పట్టుకుని, నవ్వుతూ ఒడ్డెక్కాడు. ఆ చప్పట్లు ఆగిపోయాయి. పడవల మీది జాలర్లు ఈలలు వేశారు.

చిలకమ్మ కొంగుతో వాడి తల తుడవసాగింది. “ఒల్లంతా తడిపీసుకున్నావు. జలుబు సేత్తది, ఎదవా.”

నీళ్లలో బతికేవాడికి జలుబేమిటని ఎవరూ అడగలేదు. గురునాథరావు ఆ రోజు సన్మానంగా తనకు కప్పిన కొత్త శాలువా తీసి ఆవిడకు అందించాడు, తుడవడానికి.