గేటు స్తంభం మీద రాగి రేకు

మెరవని రాగిని చూస్తే మా అత్తయ్యకి ఒళ్లు మండుతుంది. చెంబైనా, గంగాళమైనా, నిమ్మచెక్కా ఉప్పూ పట్టుకుని దాని అంతు చూస్తుంది. అలాంటి మనిషి పచ్చగా చిలుమెక్కిన రాగి పైకప్పు కింద ఇన్నేళ్లు ఎలా కాపురం చేసిందో ఆవిడకే తెలియాలి.

ఆ కప్పు మడతల దగ్గర చిట్లి, హాల్లో నీళ్లు కారడం మొదలయ్యాక, మేస్త్రి దాన్ని విప్పేసి కొత్త రాగి రేకులు పరిచాడు. ఇల్లు తోమిన బిందెలా ధగధగలాడింది. ఎదురింటివాళ్లు కళ్లు చెదిరి కిటికీలకి పరదాలు కట్టుకున్నారు. అత్తయ్య మురిసిపోయింది.

నాలుగు వానలు పడ్డాయో లేదో, రేకు నల్లబడసాగింది. ఆదివారం పొద్దున్నే మా ఆయన నడుముకి తాడు కట్టుకుని, నిమ్మచెక్కల బకెట్టుతో పైకెక్కారు. కింద నిచ్చెన పట్టుకుని అత్తయ్య.

"ఆ మూల తోమరా! చేతిలో బలం లేదూ?"

"అది ఇంటి కప్పనుకున్నారా, పాలగిన్నె అనుకున్నారా అత్తయ్యా?" అన్నాను.

"నోరు మూసుకుని నిమ్మకాయలు కొయ్యి."

కోశాను. కోయక చస్తానా!

కప్పు అంచున వాననీళ్లు పోయే గట్టర్లో ఆకులు తీయడానికి వచ్చిన మేస్త్రి అది చూసి తల పట్టుకున్నాడు. "అమ్మా, ఆ నలుపే దానికి రక్ష. ఇలా వారం వారం తోమితే రేకు అరిగిపోతుంది. ఆకులు పేరుకోకుండా చూసుకోండి, చాలు."

"పోనీలెండి అత్తయ్యా, ఇంట్లో గిన్నెలున్నాయిగా" అన్నాను. ఆవిడ నన్నేమీ అనలేదు. అప్పుడు భయమేసింది. వెనకాలే వంటింట్లోకి వెళితే కళ్లు తుడుచుకుంటోంది.

"మీ మామయ్యకి చూపు మసకేసింది కదే. వీధి చివర్నుంచి ఆ మెరుపు చూసుకుంటూ ఒక్కడినే ఇంటికొస్తున్నానని ఎంత సంబరంగా చెప్పారు! అది కాస్తా పోతే ఎవరో ఒకరు చెయ్యి పట్టుకోవాలి. ఆయన పట్టుకోనిస్తారా? గడప దాటడమే మానేస్తారు."

మేస్త్రినడిగి, మిగిలిన రేకు ముక్కని గేటు స్తంభానికి కొట్టించాను. ఇది ఎంత అరిగినా ఇల్లు కారదు.

ఆ రోజునుంచీ మామయ్యగారు నడకనుంచి వచ్చే వేళకి అత్తయ్య గేటు దగ్గరే. రేకు తోముతూ పేపరబ్బాయినీ, పక్కింటి కుక్కనీ, నన్నూ వరసపెట్టి దులిపేస్తుంది. మామయ్యగారు చేతికర్ర ఊపుకుంటూ తిన్నగా లోపలికొచ్చేస్తారు.

నిన్న ఆవిడకి జలుబు చేసి గొంతు పూర్తిగా పోయింది. రేకు మాత్రం అద్దంలా తోమింది. మామయ్యగారు మా గేటు దాటి ముందుకెళ్లిపోయారు. నేను పరిగెత్తి చెయ్యి పట్టుకున్నాను.

"రేకు కనిపించలేదా మామయ్యగారూ?"

"అది కనిపించడం మానేసి చాలా రోజులైందమ్మా. మీ అత్తయ్య తిట్లు పట్టుకునే వస్తున్నాను. ఇవాళ ఎవర్నీ తిట్టదేం? ఒంట్లో బాగానే ఉందా?" గొంతు తగ్గించారు. "ఈ మాట తనకి చెప్పకు. పాపం, అంత శ్రద్ధగా తోముతోంది."

ఇవాళ కూడా ఆవిడకి గొంతు రాలేదు. పొద్దున ఆవిడ తోముతుంటే పక్కన నిలబడి నేను మా ఆయన్ని తిట్టడం మొదలుపెట్టాను. సంగతులకి కొదవేముంది? అత్తయ్య గుడ్లురిమింది. అయినా ఆపలేదు.

మామయ్యగారు నవ్వుకుంటూ గేటు తీశారు.

"ఫరవాలేదమ్మా. కానీ మీ అత్తయ్యంత ఘాటు రాలేదు."