ఐదు వోల్టులు

దగ్గు తెర వచ్చినప్పుడల్లా వోల్టు మీటరు పుల్ల తీగ మీంచి జారిపోతోంది. సుమిన దాన్ని మళ్ళీ ఆనించి కళ్ళు చికిలించాడు. కారు కంప్యూటరు పెట్టెలోకి పన్నెండు వోల్టులు వెళ్తున్నాయి. అందులోంచి సెన్సార్లకు రావలసిన ఐదు మాత్రం రావడం లేదు.

కుమాసీ ఊళ్ళో టాక్సీ అడ్డా పక్కన అతని టాక్సీ కారు మూడు రోజులుగా కదలలేదు. పోయిన శనివారం చావు దినానికి వెళ్ళాలని మేనల్లుడు ఆంట్వి దాన్ని కడిగించాడు. దినానికి మురికి బండిలో వెళ్తే పోయినవాడికి అవమానం. పైపైన కడిగిస్తే సరిపోయేది. మూత ఎత్తించి ఇంజను మీద గొట్టంతో నీళ్ళు కొట్టించాడు. ఆ నీళ్ళు పెట్టెలోకి దూరాయి. మంగళవారం తాళం తిప్పితే స్టార్టరు మోటారు గిర్రున తిరిగిందే తప్ప ఇంజను అందుకోలేదు.

స్కానరు పెట్టిన మెకానిక్కు పెదవి విరిచాడు. పెట్టె చచ్చింది, ఈ రకం ఇక దొరకదన్నాడు. వాళ్ళ ఆచారంలో మనిషి పోతే ఆస్తి మేనల్లుడికే, కొడుకులకు కాదు; కారు రేపు ఎలాగూ తనదే గదా అని ఆంట్వి తుక్కువాళ్ళకి కబురు చేశాడు. మూడింటికి లారీ వస్తుంది.

"మావా, డాక్టరు నిన్ను పడుకోమన్నాడు. నువ్వేమో చచ్చినదాని నాడి చూస్తున్నావు."

"చచ్చిందని ఎవడు చెప్పాడ్రా, అల్లుడూ?"

"స్కానరు."

"నేను పుట్టినప్పుడు మంత్రసాని కూడా అదే చెప్పింది."

అతని ముందు పుట్టిన ముగ్గురూ పోయారు. నాలుగోవాణ్ణి చూసి చావు ముక్కు మూసుకుని పోవాలని తల్లి సుమిన అని, అంటే పెంటకుప్ప అని, పేరు పెట్టింది. అరవై మూడేళ్ళు ఆ పేరుతోనే నెట్టుకొచ్చాడు. అందులో ముప్పై ఒక్కటి టాక్సీ తోలుతూ, అడ్డా నుంచి ఆస్పత్రికీ, ఆస్పత్రి నుంచి అడ్డాకీ. కిటికీకి ఆనీ ఆనీ ఎడమ మోచెయ్యి నల్లగా కాయ కాసింది.

సెన్సార్లు ఒక్కొక్కటే ఊడదీశాడు. వాటిలో ఏది కాలినా ఐదునీ అదే మింగేస్తుంది. అన్నీ తీసినా మీటరు ముల్లు సున్నా దగ్గరే పడుకుంది. దొంగ పెట్టెలోనే ఉన్నాడు.

కత్తి కాల్చి పెట్టె మూత చుట్టూ జిగురు కోశాడు. లోపల పచ్చటి చిలుము. వెంట్రుకంత రాగి గీత ఒకదాన్ని అది తినేసింది. దాని పక్కన చింతగింజంత కెపాసిటరు అడుగు కారి చేప వాసన కొడుతోంది.

కరెంటు లేదు. అరటికాయలు కాల్చే ఫోసువా పొయ్యిలోకి సాల్డరింగు కడ్డీ దూర్చాడు.

"ముసలాడా, నా కాయలకి సీసం వాసన పడితే ఎవడు తింటాడు?"

"ఏదో ఒక వాసన వచ్చిందని సంతోషించు. ఆ సారా సీసా ఇటివ్వు."

"డాక్టరు వద్దన్నాడుగా."

"నాకు కాదు, దీనికి."

పాత పళ్ళబ్రష్షు సారాలో ముంచి చిలుము గీకాడు. తెగిన గీత మీద ఒక్క రాగి పోగు పరిచాడు. పాడైన రేడియోలోంచి అదే అంకె ఉన్న కెపాసిటరు పీకి, తెల్ల చార ఏ పక్కకి రావాలో మూడుసార్లు చూసుకున్నాడు. దగ్గుకీ దగ్గుకీ మధ్య ఊపిరి బిగబట్టి అతికించాడు.

అప్పటికే లారీ వచ్చి ఆగింది. ఇద్దరు దిగి గ్యాస్ కట్టరు దించుతున్నారు.

సుమిన తొందరపడలేదు. పెట్టె బిగించి, సెన్సార్లు తగిలించి, మీటరు తీగలు ఐదు వచ్చే చోట కట్టి, మీటరును పక్క సీటులో పెట్టాడు. తాళం తిప్పాడు. మూడు రోజులుగా వెలగని పసుపు దీపం వెలిగింది. ముల్లు లేచి ఐదు మీద నిలిచింది. ఇంజను అందుకుంది.

"ఏమయ్యా, చచ్చిన బండన్నావు?" అన్నాడు లారీవాడు. ఆంట్వి తల వంచుకున్నాడు.

"ఇది నీకే వస్తుందిరా, అల్లుడూ. కానీ నడుస్తూ వస్తుంది," అన్నాడు సుమిన.

కారును వరసలో తన చోటికి తెచ్చి నిలబెట్టాడు.

"ఇంజను ఆపు మావా, పెట్రోలు దండగ. ఆ మీటరు తీసెయ్యనా?"

"ఉండనీ. కాసేపు చూస్తా."

మోచెయ్యి కిటికీ మీద పెట్టుకుని వెనక్కి వాలాడు. లారీ ఖాళీగా వెళ్ళిపోయింది. ముందున్న బండ్లు ఒక్కొక్కటే కదిలాయి. అతని వంతు వచ్చింది. వెనకవాడు హారను కొట్టాడు. ఇంకోసారి కొట్టాడు. ఫోసువా కాగితంలో కాల్చిన అరటికాయ పట్టుకుని వచ్చింది.

"సుమినా, నీ వంతు."

మోచెయ్యి కిటికీ మీదే ఉంది. ఆమె దాన్ని తట్టి, తన చెయ్యి వెనక్కి లాక్కుంది.

ఆంట్వి పరుగెత్తుకొచ్చాడు. మావ ముఖంలోకి చూసి, తాళం వైపు చెయ్యి చాచాడు.

"ఆపకురా," అంది ఫోసువా.

అతను చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. ఇంజను ఒకే శ్రుతిలో నడుస్తోంది. పక్క సీటులో మీటరు ముల్లు ఐదు మీద నిటారుగా నిలబడి ఉంది.