తల బయటపెట్టిన విండో

దుర్గ్‌లో బేరమాడి పాత లాప్‌టాప్ కొన్ననాడు జగ్గయ్య మురిసిపోయాడు. పైపుల షాపు కౌంటర్ మీద చోటు తినదు, సంచిలో పడుతుంది. తెర చిన్నదైతే పోయేదేముంది అనుకున్నాడు. పోయేదేమిటో ఈ ఉదయం తెలిసొచ్చింది.

భిలాయి సెక్టర్ 7 క్వార్టర్లకు మెట్ల రెయిలింగ్ పైపుల సరఫరా. కాంట్రాక్టరు ఇచ్చిన ప్రోగ్రామ్‌లో ధర రాసి మధ్యాహ్నంలోగా పంపాలి. లేకపోతే ఆ పని ఎదురుషాపువాడిది. అన్నీ నింపాడు. తీరా చూస్తే పంపే బటన్ లేదు.

అన్న కూతురు బిందుప్రియను పిలిపించాడు.

"బటన్ ఉంది చిన్నాన్నా. విండో పెద్దది, స్క్రీన్ ఛోటా. కిందకి దిగిపోయింది."

"దిగిపోతే పైకి లాగవే."

మౌస్‌తో లాగింది. విండో నెత్తి తెర పైఅంచుకు తగిలి ఆగిపోయింది. అక్షరాలు చిన్నవి చేసి చూసింది. ఆ మొండి విండో కుంచించుకోలేదు.

జగ్గయ్యకు కోపం కన్నా వింత ఎక్కువైంది. తన షాపూ ఇరుకే. పొడుగు పైపు కోయాలంటే, కోసే చోటు మిషను కిందికి వచ్చేదాకా దాని తలను వెనక కిటికీలోంచి సందులోకి తోస్తాడు. అంతేగాని షాపు పెంచడు, పైపు వంచడు.

"దీని తల బయటకి తోసేస్తే ఏటవుద్ది? మనకి తోకతోనే కదా పని?"

"బయటకా? మౌస్ పోనివ్వదు..." బిందుప్రియ గోరు కొరుక్కుంది. "రుకో, ఆగు! కీబోర్డుతో పోద్దేమో."

ఆల్ట్, స్పేస్ కలిపి నొక్కింది. చిన్న పట్టీ తెరుచుకుంది. అందులో 'మూవ్' ఎంచుకుని, పైబాణం మీద వేలు పెట్టి వదల్లేదు. విండో నెత్తి పైఅంచులో కలిసిపోతూ ఉంటే, అడుగు నుంచి 'సబ్మిట్' మెల్లగా తేలింది.

"నొక్కు, నొక్కు!"

"నీ ధర పైకి పోయింది చిన్నాన్నా. ఓసారి చూసుకోవా?"

"నేను కట్టిన ధర నేను మళ్లీ కళ్లతో చూడాలేటే? నొక్కు!"

నొక్కింది. 'అందింది' అని జవాబు వచ్చింది.

జగ్గయ్య ఊపిరి వదిలి, లాప్‌టాప్ మూత మీదుగా అవతలికి తొంగిచూశాడు.

"ఏటి వెతుకుతున్నావు?"

"దాని తల ఎటు వచ్చిందా అని. పైపు తోసినప్పుడు సందులో ఎవరికీ తగలకండా మనిషిని నిలబెడతాను మరి!"